వంటింట్లో గంటల తరబడి నిలబడేవారికి పాదాల నొప్పి రాకుండా జాగ్రత్తలు

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఏ ఇంట్లో అడుగుపెట్టినా కాలికి ముందుగా తగిలేది బండే. తాడిపత్రి బండలతోనో బేతంచర్ల బండలతోనో పరిచిన నేల, నల్లటి కడప బండ వేసిన వంటగట్టు ఇక్కడ తరతరాలుగా ఉన్నవే. ఈ సున్నపురాయి ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమవుతుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది. కానీ దానిలో మెత్తదనం అనేది లేదు. ఒంటి బరువంతా మోసే అరికాలికీ ఆ బండకూ మధ్య ఏ అడ్డూ లేకుండా రోజుకు నాలుగైదు గంటలు నిలబడి వండేవారికి మడమల్లో పోటు, పిక్కల్లో లాగుడు, సాయంత్రానికి పాదాల్లో వాపు వస్తాయి. ఇది వయసుతో వచ్చేదేననీ, వంట చేసేవారికి తప్పదనీ సరిపెట్టుకోవడం మన ఇళ్లలో అలవాటైపోయింది. అలా సరిపెట్టుకోనక్కరలేదు. పని చేసే తీరునూ, నిలబడే చోటునూ కొద్దిగా మార్చుకుంటే ఈ నొప్పిలో చాలా భాగాన్ని రాకుండానే ఆపవచ్చు.

కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో వంట నేల మీద జరిగేది. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చునేవారు, పక్కనే కత్తిపీట, కాస్త దూరంలో రోలు ఉండేవి. ఆ వంటకు దాని కష్టాలు దానికి ఉన్నాయి. పొగ, వంగిపోయిన నడుము, మోకాళ్ల మీద భారం ఎవరూ మళ్లీ కోరుకునేవి కావు. గ్యాస్ పొయ్యి రావడంతో వంట నేల మీది నుంచి గట్టు మీదికి చేరింది, పొగ బాధ పోయింది. అయితే పొయ్యితో పాటు, పొయ్యితో సంబంధం లేని పనులు కూడా గట్టు మీదికే చేరాయి. కూరగాయలు తరగడం, చెనిక్కాయలు ఒలవడం, ఎల్లిపాయలు పొట్టు తీయడం, పిండి కలపడం వంటివన్నీ ఇప్పుడు నిలబడే చేస్తున్నాము. నా దృష్టిలో పాదాల నొప్పికి మొదటి మందు చెప్పుల్లోనూ లేదు, కాళ్ల కింద వేసుకునే మ్యాట్‌లోనూ లేదు. నిలబడి చేయనక్కరలేని పనిని కూర్చుని చేయడంలో ఉంది. మిగిలినవన్నీ దాని తరువాతే.

నొప్పి ఎందుకు వస్తుందో తెలిస్తే ఈ మాట ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. మడమ ఎముక కింద కొవ్వుతో నిండిన ఒక మెత్తటి పొర ఉంటుంది. మడమ నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి పొడవునా ఒక గట్టి పట్టీ సాగి, పాదం వంపును నిలబెడుతుంది. కదలకుండా నిలబడినప్పుడు ఈ రెండింటి మీదా ఒత్తిడి ఒకే చోట, ఆగకుండా పడుతుంది. ఇంకొక కారణం రక్తప్రసరణ. పాదాల్లోకి దిగిన రక్తం తిరిగి గుండెకు చేరాలంటే పిక్కల కండరాలు బిగిసి, వదులవుతూ, బోరు మోటారు నీటిని పైకి నెట్టినట్టు నెట్టాలి. నడిచేటప్పుడు ఈ పని దానంతట అదే జరుగుతుంది. పెనం ముందు కదలకుండా నిలబడినప్పుడు పిక్కలు ఆ పని చేయవు కాబట్టి రక్తం కాళ్ల సిరల్లోనే నిలిచి, చీలమండల దగ్గర వాపు మొదలవుతుంది. అందువల్లనే మూడు గంటలు బజారులో తిరిగిన దాని కన్నా గంటన్నర పొయ్యి ముందు నిలబడితే కాళ్లు ఎక్కువగా పీకుతాయి.

కాబట్టి ముందుగా మీ వంటను ఒక పూట గమనించి చూడండి. మంట మీద చెయ్యి ఉండవలసిన పని ఏది, లేనిది ఏది అని విడదీస్తే, రెండో రకమే ఎక్కువగా ఉందని తెలుస్తుంది. ఆ పనులన్నిటినీ ఒకచోట చేర్చి, పొయ్యి వెలిగించక ముందే కూర్చుని ముగించుకోవాలి. ఉగ్గాని చేయాలంటే బొరుగులు నానబెట్టి పిండడం, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు తరగడం, పుట్నాల పొడి సిద్ధం చేసుకోవడం అయ్యాక పొయ్యి దగ్గర ఉండేది కొద్ది నిమిషాలే. పోపు మాడిపోతుండగా ఉల్లిగడ్డ తరిగే అలవాటు ఉన్నవారు మొత్తం సమయమంతా పొయ్యి ముందే నిలబడవలసి వస్తుంది. మోకాళ్లు బాగున్నవారు నేల మీద పీట వేసుకుని కత్తిపీటతో తరుగుకోవచ్చు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి నేల మీద కూర్చుని లేవడం మరో బాధ తెచ్చిపెడుతుంది, కనుక వారు మామూలు కుర్చీ, దానికి తగిన బల్ల వాడుకోవడం మేలు. ఎల్లిపాయలు ఒలవడం, చిక్కుడుకాయలు తుంచడం, బియ్యం ఏరడం లాంటి పనులు వంట చేసే మనిషే చేయాలన్న నియమం ఎక్కడా లేదు. టీవీ ముందు కూర్చున్నవారి ఒడిలో ఒక చాట పెడితే ఆ పని అయిపోతుంది. తినేవారందరూ ఇందులో చెయ్యి కలపాలని నేను గట్టిగానే చెబుతాను.

పొయ్యి దగ్గర కూడా అంతసేపూ నిలబడనక్కరలేదు. ఓళిగలు కాల్చేటప్పుడు, దోసెలు పోసేటప్పుడు, పాలు కాగేటప్పుడు ఎత్తైన స్టూలు మీద కూర్చోవచ్చు. స్టూలు ఎత్తు గట్టు ఎత్తు కన్నా పది, పన్నెండు అంగుళాలు తక్కువ ఉండాలి. అంటే 34 అంగుళాల గట్టుకు 22 నుంచి 24 అంగుళాల స్టూలు సరిపోతుంది. కాళ్లు గాలిలో వేలాడకుండా కింద అడ్డకర్ర ఉండాలి, నాలుగు కాళ్లకూ రబ్బరు తొడుగులు ఉండాలి, లేకపోతే నున్నటి బండ మీద స్టూలు జారుతుంది. ఒక్క విషయంలో మాత్రం స్టూలు వద్దు. అలసంద వడలు, బజ్జీలు కాల్చేటప్పుడు, మరిగే నీళ్ల గిన్నె దించేటప్పుడు నిలబడే ఉండాలి. నూనె చింది ఒడిలో పడితే కూర్చున్న మనిషి వెంటనే వెనక్కి జరగలేకపోతుంది.

ఇక సంగటి సంగతి. రాయలసీమ వంటలో పాదాలకు ఇంత కష్టం కలిగించే పని మరొకటి లేదని నా అభిప్రాయం. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండిని కుప్పగా పోసి, మధ్యలో తెడ్డుతో గుంట చేసి, మూతపెట్టి సన్నని సెగ మీద మగ్గనిస్తారు. అంతవరకూ ఇబ్బంది లేదు. ఆ తరువాత ఉండ కట్టకుండా తెడ్డుతో బలంగా కెలకాలి. ఐదడుగుల మనిషికి నేల నుంచి మోచేతి దాకా ఎత్తు దాదాపు 37, 38 అంగుళాలు ఉంటుంది. గట్టు 33 అంగుళాలు, దాని మీద స్టవ్ ఐదు అంగుళాలు, దాని మీద తపేలా ఎనిమిది అంగుళాలు అనుకుంటే తపేలా అంచు 46 అంగుళాల ఎత్తున, అంటే మోచేతికి బాగా పైన ఉంటుంది. తెడ్డు మీద బలం పెట్టాలంటే మనిషి మునివేళ్ల మీద లేవక తప్పదు. ఆ సమయంలో చూడండి, మడమలు నేలను వదిలి ఉంటాయి, కాలివేళ్లు బండను పట్టుకోవడానికి ముడుచుకుని ఉంటాయి, ఒంటి బరువంతా వేళ్ల మొదళ్ల మీదే ఉంటుంది. మరునాడు పాదం ముందు భాగంలో పుట్టే మంటకు కారణం ఇదే.

పల్లెల్లో పెద్దలు తపేలాను కిందికి దించి, కూర్చుని కెలికేవారు. ఆ పద్ధతిలో మంచి ఉంది, ప్రమాదమూ ఉంది. వేడి తపేలాను ఉత్త కాళ్లతో అదిమి పట్టడం మాత్రం మానుకోవాలి. తపేలాను స్టవ్ మీది నుంచి దించి, కదలని బరువైన ముక్కాలి పీట మీద తడి గోనెపట్ట మడత వేసి పెట్టి, ఇంకొకరు మందపాటి గుడ్డలతో రెండు వైపులా పట్టుకుంటే, కుర్చీలో కూర్చునో కాస్త వంగి నిలబడో కెలకవచ్చు. తపేలా అంచు మోచేతికి నాలుగైదు అంగుళాలు కింద ఉంటే చాలు, బలం భుజాల నుంచి వస్తుంది, మడమలు నేల మీదే ఉంటాయి. ఒక్కరే ఉన్నప్పుడు సంగటి కొద్దిగా, వెడల్పైన తక్కువ లోతు గిన్నెలో చేసుకోవడం ఉత్తమం. ఎత్తు తగ్గించాలని గ్యాస్ స్టవ్‌ను నేల మీద పెట్టుకోవడం తగదు. సిలిండర్ నిలువుగా ఉండాలి, స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కన్నా ఎత్తులో ఉండాలి అనేది గ్యాస్ వాడకంలో తప్పనిసరిగా పాటించవలసిన నియమం.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారికి ఇక్కడే ఒక మాట. వంటగట్టు ఎత్తును మేస్త్రీ తన అలవాటు కొద్దీ పెట్టేస్తాడు. బండ వేయక ముందే, ఆ ఇంట్లో వంట చేసే మనిషిని వంటింట్లో నిలబెట్టి, చెయ్యి మోచేతి దగ్గర మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలిపించండి. అందులో నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసేస్తే తరిగే చోటుకు తగిన ఎత్తు వస్తుంది. స్టవ్ పెట్టే భాగాన్ని దాని కన్నా మరో నాలుగైదు అంగుళాలు దించి, సిలిండర్ ఎత్తుకు తగ్గకుండా చూసుకుంటే, సంగటికీ సాంబారుకూ చేతులు పైకెత్తవలసిన బాధ చాలావరకు తగ్గుతుంది. గట్టు కింద అరలకు తలుపులు పెట్టించేవారు అడుగున నాలుగు అంగుళాల ఎత్తు, మూడు అంగుళాల లోతు ఖాళీ వదిలించుకోవాలి. ఆ ఖాళీలోకి కాలివేళ్లు వెళితే మనిషి గట్టుకు దగ్గరగా, నిటారుగా నిలబడగలుగుతుంది. లేకపోతే ముందుకు వాలి నిలబడాలి, అప్పుడు భారం మళ్లీ పాదం ముందు భాగం మీదకే చేరుతుంది. పాత ఇళ్లలో గట్టు కింద ఖాళీ ఉన్నా అక్కడ బియ్యం డబ్బా, నూనె క్యాను పెట్టేస్తారు. నిలబడే చోట వాటిని పక్కకు జరిపితే ఖర్చు లేకుండానే పాదాలకు చోటు దొరుకుతుంది.

అదే చోట నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తున్న పీట ఒకటి వేసుకుని, ఒక కాలు దాని మీద పెట్టి నిలబడండి. పది నిమిషాలకొకసారి కాలు మార్చండి. నడుము కూడా తేలికపడుతుంది.

నేల విషయానికి వస్తే, బండను మార్చలేము కాబట్టి దాని మీద ఏదైనా పరచాలి. చాలామంది పాత బొంతనో దుప్పటినో మడిచి వేసుకుంటారు. బొంత అడుగు పెట్టగానే అణిగిపోతుంది, నున్నటి బండ మీద కాలితో పాటే జారుతుంది, కనుక అది పనికిరాదు. పీచు పట్టలు కాళ్లు తుడుచుకోవడానికే మంచివి. నిలబడి పనిచేసే చోట్ల కోసం అమ్మే మందపాటి రబ్బరు మ్యాట్ దాదాపు ముప్పావు అంగుళం మందం ఉండేది తీసుకోవాలి. కొనే ముందు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలు కొద్దిగా దిగి, తీయగానే పైకి లేచిందంటే మంచిది. వేలికి అడుగున నేల తగిలిందంటే అది నాలుగు రోజుల్లో బండతో సమానమైపోతుంది. పరుపంత మెత్తగా ఉన్నదీ వద్దు, ఎందుకంటే అందులో నిలదొక్కుకోవడానికి చీలమండలు ఎప్పుడూ బిగుసుకునే ఉండాలి. అంచులు ఏటవాలుగా ఉంటే కాలికి తట్టుకోవు. ఒకటి స్టవ్ ముందు, ఒకటి సింక్ ముందు వేసుకుంటే వంటలో ఎక్కువసేపు నిలబడే రెండు చోట్లకూ సరిపోతుంది. ఒక్కటే కొనగలిగితే ఎక్కువసేపు నిలబడే చోటే వేయండి. పిల్లల గదిలో పరిచే ఫోమ్ పలకలు మంటకు దగ్గరగా ఉంటే కరుగుతాయి. మ్యాట్ కింద నీళ్లు నిలిస్తే బండ మీద జారుడు పుడుతుంది కాబట్టి వారానికి రెండు సార్లైనా ఎత్తి, తుడిచి, ఆరబెట్టాలి.

చెప్పుల మాట వచ్చేసరికి మన ఇళ్లలో వాదన మొదలవుతుంది. వంటిల్లు శుచిగా ఉండాలని, పొయ్యి దగ్గరికి చెప్పులతో పోకూడదని పెద్దలు అంటారు. ఆ మాటను గౌరవిస్తూనే దారి వెతుక్కోవచ్చు. ఎప్పుడూ గడప దాటని కొత్త జతను వంటింటికే కేటాయించి, వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, వంటింటి తలుపు పక్కనే పెట్టుకుంటే, వీధిలో తొడిగే చెప్పులకూ వీటికీ సంబంధం ఉండదు. ఇలా విడమరిచి చెప్పినప్పుడు ఒప్పుకోని అత్తగార్లు తక్కువ. మోకాళ్ల నొప్పితో బాధపడే అత్తగార్లైతే తమకూ ఒక జత తెమ్మంటారు.

ఆ జత ఎలా ఉండాలన్నది ముఖ్యం. పలుచటి హవాయి చెప్పులు వేసుకున్నా ఉత్త కాళ్లకూ వాటికీ పెద్ద తేడా ఉండదు; పైగా అవి జారిపోకుండా కాలివేళ్లతో అస్తమానం పట్టుకోవలసి రావడంతో అరికాలి పట్టీ మరింత అలసిపోతుంది. మడమ వెనుక పట్టీ ఉన్నవి, మడమ కింద ముప్పావు నుంచి ఒక అంగుళం మందం ఉన్నవి, పాదం వంపుకు కాస్త ఆసరా ఉన్నవి తీసుకోవాలి. చెప్పును రెండు చేతులతో వంచి చూస్తే వేళ్ల దగ్గర వంగాలి, సరిగ్గా మధ్యలో వంగకూడదు. పాదాలు సాయంత్రానికి కొద్దిగా ఉబ్బుతాయి కనుక చెప్పులు సాయంత్రం పూటే కొనడం మంచిది. వాడుతున్న చెప్పును అప్పుడప్పుడు తిరగేసి చూడండి. మడమ దగ్గర ఒక వైపు అరిగిపోయినా, అడుగు గీతలు చెరిగిపోయినా దాన్ని తీసేయవలసిందే. షుగర్ ఉన్నవారికి ఎం.సి.ఆర్. చెప్పులని విడిగా దొరుకుతాయి. సన్నని గాలి గదులతో నిండిన మెత్తటి రబ్బరుతో చేసినవి కనుక అరికాలి మీద ఒత్తిడిని పంచుతాయి.

వంట మధ్యలో పాదాలను కదిలించడానికి ప్రత్యేకంగా సమయం కేటాయించనక్కరలేదు. కుక్కర్ కూత వేసినప్పుడల్లా గట్టును పట్టుకుని మడమలు పదిసార్లు పైకెత్తి దించండి. పప్పు ఉడికే లోపల ఇల్లంతా ఒక చుట్టు తిరిగి రండి. ఎండాకాలంలో ఇది మరింత అవసరం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దానికి పొయ్యి సెగ తోడవుతుంది, వేడికి సిరలు వ్యాకోచించి కాళ్లలో రక్తం మరింత నిలుస్తుంది. ఆ రోజుల్లో వంటను పొద్దున్నే ముగించుకోవడం, పక్కన మజ్జిగ చెంబు పెట్టుకోవడం పాదాలకు కూడా మేలు చేస్తాయి.

పండుగ వంటలకు ముందురోజే పని పంచుకోవాలి. ఉగాదికి ఓళిగలు చేయాలంటే పూర్ణం ముందురోజు సాయంత్రమే రుబ్బి ఉండలు కట్టి పెట్టుకోవచ్చు. జొన్నరొట్టెలు ఎక్కువగా చేయవలసి వస్తే ఒకరు కూర్చుని తట్టడం, ఇంకొకరు పెనం చూసుకోవడం, సగం అయ్యాక చోట్లు మార్చుకోవడం మంచి పద్ధతి.

వంట అయిపోయాక పావుగంట పడుకుని, కాళ్లను గోడకు ఆనించి గుండె కన్నా ఎత్తులో ఉంచితే వాపు దిగుతుంది. ఇంటిపనిలో పావుగంట దొరకదనేవారు కనీసం భోజనం చేసిన వెంటనే గిన్నెలు తోమడానికి నిలబడకుండా ఉండాలి. అరికాలు మండుతుంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను కింద పెట్టి, కూర్చుని దాని మీద అరికాలిని పది నిమిషాలు ముందుకు వెనక్కి దొర్లించండి. పిక్కలు పట్టేసినప్పుడు గోడకు రెండు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు తాకేలా ఉంచి, ముప్పై సెకన్ల పాటు ముందుకు వాలాలి. ఒక్కో కాలికి మూడుసార్లు చేస్తే చాలు. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు నొప్పి వచ్చి, కాసేపు నడిచాక తగ్గుతూ ఉంటే, అది అరికాలి పట్టీ దెబ్బతిన్నదనడానికి గుర్తు. అటువంటివారు మంచం మీద ఉండగానే కాలివేళ్లకు తువ్వాలు వేసి తమ వైపు లాక్కుని, కొద్దిసేపు అలాగే పట్టి ఉంచి, ఆ తరువాతే కాలు కింద పెట్టాలి. ఇది తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది; మధ్యలో మానేయకూడదు.

షుగర్ ఉన్నవారికి ఈ సలహాలు కొన్ని వర్తించవు. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి వేడి, చల్లదనం, పుండు ఏదీ సరిగ్గా తెలియదు. కనుక వారు ఐసు సీసా వాడకూడదు, వేడినీళ్లలో పాదాలు పెట్టకూడదు, వంటింట్లో ఉత్త కాళ్లతో తిరగకూడదు. రోజూ రాత్రి అరికాళ్లను అద్దంలో చూసుకుని, చిన్న గీత కనిపించినా డాక్టరుకు చూపించుకోవాలి.

ఒక కాలు మాత్రమే ఉబ్బి పిక్కలో నొప్పి, వేడి ఉంటే, పాదాల వాపుతో పాటు ఆయాసం వస్తుంటే, గర్భిణికి పాదాలు, ముఖం హఠాత్తుగా ఉబ్బి తలనొప్పి వస్తే, ఇంటి చిట్కాలతో ఒక్క రోజు కూడా గడపకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పిక్కల మీద నీలంగా ఉబ్బిన సిరలు కనిపించేవారు, చెప్పులు, మ్యాట్ మార్చుకుని ఆరు వారాలు జాగ్రత్తగా ఉన్నా మడమ నొప్పి తగ్గనివారు కూడా చూపించుకోవాలి. కర్నూలు, అనంతపురం, కడప నగరాల్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఎముకల విభాగం ఉంది. డాక్టరు దగ్గర కాళ్లు నొప్పి అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, రోజుకు ఎన్ని గంటలు నిలబడుతున్నారో, ఎటువంటి నేల మీదో, నొప్పి పాదంలో సరిగ్గా ఏ చోటో, ఏ వేళకు ఎక్కువవుతుందో చెప్పండి. వాడుతున్న చెప్పుల జతను కూడా వెంట తీసుకెళ్లి చూపించండి.